రచ్చకట్ట నుంచి కుర్చీ దాకా

ఏ సంఘమైనా సొంత భవనం కట్టుకొనేటప్పుడు పునాది గురించి పదిసార్లు, శ్లాబు గురించి ఇరవైసార్లు ఆలోచిస్తుంది. లోపల జనం కూర్చునే కుర్చీలు, బల్లలు, బీరువాల సంగతి మాత్రం ప్రారంభోత్సవానికి వారం ముందు గుర్తుకొస్తుంది. అప్పుడు ఎవరో ఒకరు టవునుకు పోయి, ఏది చౌకగా దొరికితే అది లారీకి ఎత్తించుకొని వస్తారు. నాలుగేళ్ళు తిరిగేసరికి కాళ్ళు విరిగిన కుర్చీలు మేడమెట్ల కింద గుట్టపడి వుంటాయి.

ఇది చిన్న విషయమని కొట్టిపారేయడానికి వీల్లేదు. నలుగురు కూర్చునే చోట ఏ వస్తువు వేస్తామన్నదాన్ని బట్టి ఏ అడవి నిలుస్తుంది, ఏ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది అన్నవి తేలుతాయి. చరిత్ర తిరగేస్తే ఈ మాట ఎంత నిజమో తెలుస్తుంది. ఆ చరిత్రను మన తావు నుంచే మొదలుపెడదాం.

కుర్చీ లేని సభలు

తిరుచానూరు అనగానే అందరికీ అమ్మవారి కోవెల గుర్తుకొస్తుంది. అయితే ఈ ఊరికి ఇంకొక ఘనత కూడా కలదు. పల్లవుల, చోళుల కాలపు శాసనాల్లో తిరుచానూరు సభ ప్రస్తావన వుంది. ఆ రోజుల్లో కొండమీది కోవెలకు వచ్చిన దానధర్మాల వ్యవహారం చూసుకోవడంలో ఈ ఊరి సభవారికి పాత్ర వుండేది. అంటే వెయ్యేళ్ళకు ముందే ఇక్కడ పదిమంది కూర్చుని ప్రజల సొమ్ముకు లెక్క చెప్పారన్నమాట. సభ అంటే కుర్చీల వరుస అని ఆనాడు ఎవరూ అనుకోలేదు. మండపం, అరుగు, చెట్టు కింద రచ్చకట్ట, ఇవే మన ప్రాంతంలో ప్రజలందరి ఫర్నీచర్. ఊళ్ళోనే దొరికే రాయి, నీడకు వేపో రావో. కట్టిన చేతులు కూడా ఊరివే. ఒక రాయి కదిలితే ఇంకొక రాయి పెట్టేవాళ్ళు. నూరేళ్ళయినా పారవేయవలసిన పని లేదు.

పక్కనే వున్న చంద్రగిరి కోటలో రాజమహలు చూడండి. చుట్టూరా అడవి వున్నా ఆ మహలును రాయి, ఇటుక, సున్నంతోనే కట్టారు గాని కట్టడంలో కలప వాడలేదు. దొరికిందల్లా వాడెయ్యాలనే ఆత్రం ఆ కట్టడంలో కనిపించదు.

ఇక ప్రతి కార్తిక బ్రహ్మోత్సవంలోనూ తిరుచానూరు వీథుల్లో కదిలే చెక్క రథం సంగతి. రథం ఫర్నీచర్ కాదు, నిజమే. కాని పదిమంది కోసం, ఒక చోటి కొలతకు, ఒక వీథి వెడల్పుకు తగ్గట్టు చేసిన చెక్కపని అది. చక్రం అరిగితే చక్రం మార్చుకోవచ్చు. దూలం పగిలితే దూలం మార్చుకోవచ్చు. మంచి చెక్కపనికి ఉండవలసిన గుణాలన్నీ అందులో వున్నాయి. కొలతకు తగ్గట్టు చేయడం, విడదీసి బాగుచేసుకొనే వీలు ఉంచడం, బాగుచేసే మనిషి ఊళ్ళోనే వుండడం.

మాటల్లో దాగిన చరిత్ర

మనం రోజూ పలికే మాటల్లోనే సగం చరిత్ర వుంది. పీట, బల్ల, మంచం మన పాత మాటలు. కుర్చీ మాత్రం అరబ్బీ 'కుర్సీ' నుంచి పారసీకం, ఉర్దూల మీదుగా తెలుగుకు వచ్చింది. ఆయతుల్ కుర్సీ చదివే మన పిల్లలకు ఈ మాట ఎక్కడిదో వేరుగా చెప్పనక్కర్లేదు. మేజా అన్న మాట పారసీక 'మేజ్' నుంచి వచ్చిందని కొందరు, పోర్చుగీసు 'మేసా' నుంచి అని కొందరు అంటారు. అలమారు పోర్చుగీసువారిది. పని చేయించే మేస్త్రీ కూడా వారి మాటే. బీరువా అన్నది 'బ్యూరో' నుంచి పుట్టింది. ఫ్రెంచివారికి బ్యూరో అంటే మొదట బల్లమీద పరిచే ముతక గుడ్డ, తర్వాత ఆ బల్ల, ఆ తర్వాత ఆ బల్ల వున్న ఆఫీసు.

సోఫా మాట ఇంకా ఆసక్తి కలిగిస్తుంది. అది అరబ్బీ 'సుఫ్ఫా' నుంచి వచ్చింది. మదీనా మసీదులో నిలువనీడ లేని సహచరులు ఆశ్రయం పొందిన అరుగే సుఫ్ఫా. వారినే అస్‌హాబె సుఫ్ఫా అంటాం. పేదవారు తలదాచుకున్న అరుగు పేరు తిరిగి తిరిగి సంపన్నుల హాలులో మెత్తని ఆసనానికి పేరైంది!

ఇంకొక చోద్యం. అధికారానికి మనం పెట్టుకున్న పేర్లన్నీ ఆసనాల పేర్లే. న్యాయమూర్తులు కూర్చునేది బెంచి, దేవస్థానానికి బోర్డు, సంఘానికి ఛైర్మన్. ఇంగ్లీషులో బోర్డు అంటే మొదట బల్లే. ఇటలీలో డబ్బు మార్చేవారు ముందు వేసుకున్న బల్ల నుంచే బ్యాంకు అన్న మాట వచ్చింది. పారసీకంలో లెక్కల పుస్తకానికి వున్న 'దీవాన్' అన్న పేరు కొలువుకు, మంత్రికి, చివరకు మెత్తలు పరిచిన ఆసనానికి కూడా చెల్లింది. ఆసనం ఎవరికి ఎంత ఎత్తున వేశారన్న దాంట్లోనే వారి మర్యాద ఏపాటిదో తెలుస్తుంది.

విశాఖపట్నం పనితనం, ఆగిపోయిన వైనం

ఆర్డరు ఇచ్చిన వారి కొలతకు, వారి గదికి తగ్గట్టు ఫర్నీచర్ చేసివ్వడంలో తెలుగువారు ఒకప్పుడు ప్రపంచమంతటా పేరు పొందారు. 18వ శతాబ్దంలో విశాఖపట్నం కంసాలులు నల్లచేవ, రోజ్‌వుడ్ వంటి కలపలో ఏనుగుదంతం పొదిగి, దంతం మీద సన్నని గీతలు చెక్కి, ఆ గీతల్లో నల్లని లక్క నింపి కుర్చీలు, రాతబల్లలు, పెట్టెలు చేసేవారు. 1756లో అక్కడికి వచ్చిన ఒక ఇంగ్లీషు సైనికాధికారి ఈ దంతపు పొదుగు పనిని మెచ్చుకొని రాసిపెట్టాడు. ఈస్టిండియా కంపెనీ దొరలు బొమ్మ గీసి యిస్తే, ఎన్నడూ సీమకు పోని మన పనివారు సీమ కుర్చీని దించి, దానిమీద మన లతలు, పువ్వులు అల్లేవారు. ఆ వస్తువులు నేటికీ లండన్ మ్యూజియంలో వున్నాయి.

మరి ఆ పని నేడు ఎందుకు లేదు? అభిరుచులు మారడం ఒక కారణం. అంతకన్నా గట్టి కారణం, అది ఏనుగు ప్రాణం మీద నిలిచిన పని. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం, దానికి వచ్చిన సవరణలు, 1989లో అంతర్జాతీయ దంతపు వ్యాపారం మీద వచ్చిన నిషేధం, వీటితో ఆ ముడిసరుకు దారి మూసుకుపోయింది. మూసుకుపోవలసిందే. పోయింది మళ్ళీ మొలవని సరుకు మీద నిలిచిన పని, పనివాడు ఎంత గొప్పవాడైనా నిలవదు.

ఒక కుర్చీ వెనుక ఎన్ని చేతులు

1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడింది. జిల్లా అంటే కలెక్టరు కచేరీ, తాలూకా కచేరీలు, కోర్టులు, బడులు, ఆసుపత్రులు. 1954లో తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది. ఇన్ని చోట్లకూ కుర్చీలు, బల్లలు, దస్త్రాల అలమార్లు కావాలి. ఇప్పటిలాగా కంపెనీ క్యాటలాగు చూసి తెప్పించే కాలం కాదది. చెక్కపని వడ్రంగి చేతిమీదుగానే జరగాలి.

పాతకాలపు ఆఫీసు కుర్చీ ఒకటి ముందు పెట్టుకొని చూడండి. చట్రం వడ్ల ఆచారి చేసింది. ఒక చెక్కకు నాలుక తీసి, ఇంకొక చెక్కకు తొలిచిన బెజ్జంలో దిగగొట్టి, పైన కొయ్యచీల వేసి బిగించాడు. కూర్చునే చోట పేము అల్లిక. మీద వేసుకునే మెత్త దూదేకుల సోదరులు ఏకిన దూదితో కుట్టింది. బల్ల సొరుగుకు పిడి, బందు కమ్మరి కొలిమి నుంచి వచ్చాయి. దుంగను పలకలుగా కోసింది కోతమిల్లు కూలీ. నాలుగు కాళ్ళ కుర్చీ వెనుక నాలుగైదు కులాల, రెండు మూడు మతాల చేతులున్నాయి. నమాజుకు పోయేవాడు, గుడికి పోయేవాడు ఒకే వస్తువు మీద కూలి సంపాదించుకున్నారు.

ఇంకొక ముఖ్యమైన సంగతి. కుర్చీకి పేము అల్లే పనిని అంధుల పాఠశాలల్లో ప్రత్యేకంగా నేర్పేవారు. ఎనిమిది మూలలుగా కనిపించే ఆ రంధ్రాల అల్లికకు కంటి చూపుకన్నా వేలి స్పర్శ ముఖ్యం. రైల్వేల్లో, ప్రభుత్వ కార్యాలయాల్లో తెగిపోయిన పేమును మళ్ళీ అల్లే పని అంధులకు ఇచ్చేవారు. కుర్చీ కొన్నాళ్ళకు చినుగుతుంది కనుకనే, చినిగినా బాగుచేయవచ్చు కనుకనే, చూపులేని ఒక మనిషి ఇంకొకరి ముందు చేయిచాచకుండా బ్రతికాడు. ఇది మనవంటి సంక్షేమ సంఘాలవారు మనసున పెట్టుకోదగ్గ చరిత్ర.

ఇనుము వచ్చింది, ప్లాస్టిక్ వచ్చింది

1923లో గోద్రెజ్ వారు స్టీలు బీరువాలు చేయడం మొదలుపెట్టారు. దేశంలో మొదటి సాధారణ ఎన్నికలకు స్టీలు బ్యాలెట్ పెట్టెలను లక్షల సంఖ్యలో చేసి యిచ్చిన కంపెనీల్లో వారిది ముఖ్యమైనది. చెదలకు భయం లేదు, నిప్పుకు తొందరగా లొంగదు కనుక దస్త్రాలకు ఇనుప బీరువా మంచిదే. విరిగినా వెల్డింగు చేసుకోవచ్చు, తుప్పు పడితే గీకి రంగు వేయవచ్చు. ఇనుమును తప్పుపట్టే పని లేదు.

అసలు మార్పు తెచ్చింది ప్లాస్టిక్ కుర్చీ. 1972లో ఫ్రాన్సులో హెన్రీ మసోనే అనే ఆయన ఒకే అచ్చులో, రెండు నిమిషాలలోపే తయారయ్యే కుర్చీని బయటికి తెచ్చాడు. ఆ తరహా కుర్చీ తర్వాత ప్రపంచమంతా పాకింది, మన పెళ్ళిపందిళ్ళలోకీ వచ్చింది. తేలిక, చవక, ఒకదాని మీద ఒకటి పేర్చుకోవచ్చు. పేదవాడి ఇంటికి కూడా కుర్చీ వచ్చిందంటే దాని పుణ్యమే. ఆ మేలు ఒప్పుకోవాలి.

కాని దాని గుణం కూడా తెలుసుకోవాలి. అది ఒకే ముద్ద. కాలు విరిగితే అతకడానికి అతుకే లేదు. మన రాయలసీమ ఎండకు కొన్నేళ్ళలో పెళుసుబారి పెళుక్కుమంటుంది. ఇక రంపపు పొట్టును జిగురుతో అదిమి చేసిన పలకల బల్లల సంగతి చెప్పనక్కర్లేదు. నీళ్ళు తగిలితే ఉబ్బుతాయి, ఒకసారి మర ఊడితే మళ్ళీ ఆ చోట పట్టదు. ఇవి వచ్చాక వడ్రంగికి, పేము అల్లేవాడికి, దూది ఏకేవాడికి ఒకేసారి పని తగ్గింది. బాగుచేయడానికి వీల్లేని వస్తువు వచ్చిన చోట బాగుచేసే మనిషికి చోటుండదు.

చండీగఢ్ చెప్పిన పాఠం

దేశానికి స్వతంత్రం వచ్చాక పంజాబుకు కొత్త రాజధానిగా చండీగఢ్ కట్టారు. కట్టడాల్లో ముఖ్యుడైన లె కొర్బుసియేకు తోడుగా వచ్చిన ఆయన బంధువు పియెర్ జానరే 1951 నుంచి 1965 వరకు అక్కడే వుండిపోయాడు. అసెంబ్లీకి, హైకోర్టుకు, విశ్వవిద్యాలయానికి, గుమాస్తాల గదులకు ఏ గదికి ఆ గదికి తగ్గట్టు కుర్చీలు, బల్లలు గీయించి, టేకు చెక్క, పేముతో అక్కడి వడ్రంగుల చేత వేల సంఖ్యలో చేయించారు. గుమాస్తాకు కూడా న్యాయమూర్తికి చేసినంత శ్రద్ధతోనే చేశారు.

కొన్ని దశాబ్దాలు గడిచేసరికి అవి పాతబడ్డాయని ఆఫీసులవారు మిద్దెమీద పారేశారు, తుక్కు కింద వేలం వేశారు. విదేశీ వ్యాపారులు వచ్చి కారుచౌకగా కొనుక్కుపోయి, పేము మళ్ళీ అల్లించి, పాలిష్ పెట్టించి పారిస్, లండన్, న్యూయార్కు వేలాల్లో లక్షల రూపాయలకు అమ్ముకున్నారు. 2011లో కేంద్ర హోంశాఖ అమ్మవద్దని ఉత్తర్వు ఇచ్చే నాటికే చాలా సరుకు దాటిపోయింది. కొన్నవారు చేసిన మాయ ఏమీ లేదు. చెక్క మంచిది, అతుకు మంచిది కనుక బాగుచేయగలిగారు. బాగుచేసే బుద్ధి మనకు లేకపోయింది, వాళ్ళకు వుండింది.

శేషాచలం గోడు

ఇక మన కొండలకు వద్దాం. ఎర్రచందనం శేషాచలం, పాలకొండ, లంకమల, వెలిగొండ వరుసల్లోనే సహజంగా పెరిగే చెట్టు. ప్రపంచంలో ఇంకెక్కడా దీనికి సహజమైన అడవి లేదు. ఎర్రని చేవ తయారు కావడానికి దశాబ్దాలు పడుతుంది. చైనాలో చక్రవర్తుల సింహాసనాలకు, కొలువు సామానుకు వాడిన 'జితాన్' కలప ఈ జాతిదేనని పండితులు చెబుతారు. జపానులో షమిసెన్ అనే తంత్రీ వాద్యానికి ఈ చెక్కను వాడతారు. ఆ గిరాకీయే దాని ప్రాణం మీదికి వచ్చింది. 1995లో అంతర్జాతీయ వ్యాపారం మీద అదుపు పెట్టే సైటీస్ పట్టికలో దీన్ని చేర్చారు. 2010లో శేషాచలాన్ని జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు.

అయినా దొంగ నరుకుడు ఆగలేదు. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో తమిళనాడు నుంచి వచ్చిన ఇరవైమంది పోలీసుల కాల్పుల్లో చనిపోయారు. ఎక్కడో ఒక ధనవంతుని గదిలో కుర్చీ కోసం ఇక్కడ పేద ఇండ్లలో దీపాలు ఆరిపోయాయి. నాలుగు వందల రూపాయల కూలి దొరికే చోట నాలుగు వేలు చూపించే మనిషి ఊళ్ళోకి వస్తే, మన కుర్రవాళ్ళకు చెప్పవలసిన మాట ఇదే. ఆ దుంగ అడవిదీ కాదు, కొనేవాడిదీ కాదు, పట్టుబడిన రోజు అది మోసినవాడిది.

చెక్కపనితో నిజాయితీగా బ్రతుకుతున్నవారు కూడా మన దగ్గరే వున్నారు. ఏర్పేడు మండలం మాధవమాలలో తరతరాలుగా చెక్క శిల్పం చెక్కుతున్నారు. నెల్లూరు జిల్లా ఉదయగిరిలో ముస్లిం కుటుంబాలవారు చుట్టుపక్కల కొండల్లో దొరికే తేలికపాటి కలపతో చెంచాలు, ఫోర్కులు, గరిటెలు నగిషీతో చేస్తున్నారు. ఆ పనికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. చిన్న చెక్కతో పెద్ద పేరు తెచ్చుకోవచ్చని చెప్పడానికి ఉదయగిరిని మించిన ఉదాహరణ లేదు.

చిన్న చెక్కలు, పెద్ద పని

ఈ మాటకు మన మసీదుల్లోనే సాక్ష్యముంది. ప్రవక్త (స) మొదట ఖర్జూరపు మాను పక్కన నిలబడి ప్రసంగించేవారని, తర్వాత ఒక వడ్రంగి చేత అడవి చెట్టు కలపతో మూడు మెట్ల మింబర్ చేయించారని హదీసుల్లో వుంది. బంగారం లేదు, దంతం లేదు. వెనుక వరుసలోని వారికి మాట వినపడేందుకు ఎంత ఎత్తు కావాలో అంతే.

ట్యునీషియాలోని ఖైరవాన్ పెద్ద మసీదులో 9వ శతాబ్దపు మింబర్ ఒకటి నేటికీ నిలిచి వుంది. నిలిచివున్న మింబర్లలో అదే అతి పాతది. మూడు వందలకు పైగా టేకు పలకలను చెక్కి, కూర్చి చేశారు. ఆ టేకు మనదేశం వైపు నుంచి పోయిందని చరిత్రకారుల అభిప్రాయం. చిన్న పలకలుగా కూర్చడంలో కిటుకు వుంది. చెక్క వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. ఒకే పెద్ద పలకైతే నెర్రె విడుస్తుంది. చిన్న పలకలను చట్రంలో వదులుగా కూర్చితే ఒక్కొక్కటీ దాని చోట అది మెదులుతుంది, పగిలితే అదొక్కటే మార్చుకోవచ్చు. పెద్ద చెట్టు కొట్టవలసిన పని కూడా తగ్గుతుంది. మన ఇండ్లలోని రిహల్ చూడండి. ఒకే పలకను చీల్చి, నడుమ పళ్ళు తీసి, మేకు లేకుండా విచ్చుకునేట్టు చేస్తారు. ఎంత పొదుపు!

మరి ఇవాళ ఏ చెక్క?

1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు గోదావర్మన్ కేసులో ఇచ్చిన ఉత్తర్వు తర్వాత అడవి కలప మీద, లైసెన్సు లేని కోతమిల్లుల మీద కట్టడి బిగిసింది. కనుక అడవి చెక్క మీద ఆశ పెట్టుకోకుండా ఊరి చెక్క వైపు చూడాలి. చిత్తూరు ప్రాంతం మామిడికి పుట్టిల్లు. కాపు తగ్గిన పాత తోటలు కొట్టినప్పుడు వచ్చే మామిడి మాను సగం వంటచెరుకుగా పోతోంది. మామిడికి పురుగు భయం వుంది నిజమే. బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన నీళ్ళలో నానబెట్టి ఆరబెడితే ఆ భయం చాలావరకు తగ్గుతుంది. వేప చేదు కనుక పురుగు తొందరగా ముట్టదు. తుమ్మ గట్టిది, బండి చక్రాలకే ఆగింది, బల్ల కాళ్ళకు ఆగదా? పాలు తగ్గాక కేరళలో కొట్టే రబ్బరు చెట్టు చెక్క కూడా మందు పట్టిస్తే ఫర్నీచర్‌కు పనికొస్తుంది. పాత ఇండ్లు పడగొట్టినప్పుడు దొరికే దూలాలు, దర్వాజాలు అన్నిటికన్నా మేలు. అవి ఎప్పుడో ఆరి వున్నాయి, కొత్తగా చెట్టు కొట్టే పనే లేదు.

ఏ చెక్కయినా బాగా ఆరాలి. పచ్చి చెక్కతో చేసిన బల్ల ఎండాకాలం వచ్చేసరికి వంకర తిరుగుతుంది, తప్పు పనివాడి మీద పడుతుంది. కుర్చీ ఎత్తు సుమారు 18 అంగుళాలు, రాతబల్ల 30 అంగుళాలు అన్నది పెద్దవాళ్ళ కొలత. చిన్నపిల్లల మక్తబుకు అది పనికిరాదు. మోకాళ్ళ నొప్పులతో కుర్చీ మీద నమాజు చేసే ముసలివారికి చేతులున్న గట్టి కుర్చీ కావాలి. పొద్దున వైద్యశిబిరం, సాయంత్రం నికాహ్ జరిగే హాలుకు మడిచి పక్కన పెట్టుకునే బల్లలు కావాలి. ఈ కొలతలు కంపెనీ క్యాటలాగులో దొరకవు. టేపు పట్టుకొని హాలుకు వచ్చే మేస్త్రీ దగ్గర దొరుకుతాయి.

ఖర్చు ఎక్కువ కదా అని పెద్దలు అడగవచ్చు. కొనేరోజు ఖర్చు ఎక్కువే. వెల రెండింతలైనా నాలుగింతల కాలం నిలిస్తే ఏది చవకో మన పిల్లలే లెక్క కట్టి చెబుతారు. చాలా చోట్ల టెండరు కాగితంలో తక్కువ ధర ఒక్కటే చూస్తారు. దానికి మూడు ప్రశ్నలు చేర్చితే చాలు. ఏ చెక్క, ఎక్కడిది? విరిగితే విప్పి బాగుచేయవచ్చునా? ఐదేళ్ళ తర్వాత బాగుచేసే మనిషి ఎవరు? మూడో ప్రశ్నకు జవాబుగా మన ఊరి మనిషి పేరు రావాలి.

2022లో తిరుపతి ప్రత్యేక జిల్లా అయింది. తిరుచానూరు చుట్టూ కొత్త కాలనీలు, కల్యాణ మండపాలు, ఆఫీసులు లేస్తూనే వున్నాయి. ఐటిఐలలో కార్పెంటర్ ట్రేడు వుంది, చేరే కుర్రవాళ్ళు తక్కువ. పని దొరుకుతుందన్న నమ్మకం లేకనే చేరడం లేదు. సంఘాలు, మసీదు కమిటీలు, బడులు ఏడాదికి పది బల్లలు ఊరి చేతికి ఇస్తే ఆ నమ్మకం కలుగుతుంది. మేడమెట్ల కింద పడివున్న పాత చెక్క కుర్చీలను ఈ యేడు తుక్కువాడికి వేయకుండా, ముందు ఒక మేస్త్రీని పిలిచి చూపించవలసిందిగా సభ్యులందరికీ మనవి.